దళపతికి ముఖమిచ్చినవాడు

పాత వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది జరిగిన సంగతి ఇది. అంతకు ముందు వరదలో నీళ్ళు వంతెన మీదికెక్కి దిగిపోయాయి. ఈసారి వంతెనే పోయింది. నీళ్ళు తీశాక, ఏటి అవతల ఇటుక బట్టీ దగ్గర గట్టు విరిగిపడింది. ఆ విరిగిన గట్టులోంచి ఎముకలు బయటపడ్డాయి. చేతుల ఎముకలకు ఇనప తీగ చుట్టి ఉంది. తీగ తుప్పు పట్టింది గాని ముడి ఊడలేదు.

ఆ కబురు తెలిసేసరికి మీసాలాయన తన షాపులో గోడకు పట్టిన బురద గీకుతున్నాడు. బస్టాండుకి పోయే వీధిలో అతనిది గడ్డాలు గీసే షాపు. ఒక కుర్చీ, ఒక పెద్ద అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బల్ల. నీళ్ళు కుర్చీ పీట దాకా వచ్చి ఆగాయి కాబట్టి అద్దం దక్కింది. వీధిలో అందరూ అతన్ని మీసాలాయన అనే పిలుస్తారు. సరదా పుడితే దళపతిగారూ అంటారు. ఊళ్ళో ఏ గోడ మీద దళపతి బొమ్మ ఉన్నా అది ఇతని ముఖమే.

అదేం దాచిన సంగతి కాదు. పేదలకు జాగాలు పంచి, కొండలెక్కి పోరాడిన దళపతి బతికుండగా ఫొటో తీయనివ్వలేదు. కొండల్లో పోయాక శవమూ దొరకలేదు. ఆయన పేరున భవనం కట్టినప్పుడు గోడ మీద పెట్టడానికి బొమ్మ కావలసి వచ్చింది. మీసాలాయన బావమరిది బోర్డులూ బొమ్మలూ వేసే పనివాడు. పెరట్లో బకెట్టు బోర్లించి బావను దాని మీద కూర్చోబెట్టాడు. దళపతి వెంట తిరిగినవాళ్ళు చుట్టూ నిలబడి నుదురు ఇంకాస్త వెడల్పనీ, ముక్కు ఇంత లావు కాదనీ చెప్పారు. చెప్పి, వాళ్ళలో వాళ్ళే తగువు పడ్డారు. చివరికి వాళ్ళలో ఒకాయన, ఇప్పుడు స్మారక సంఘానికి కార్యదర్శిగా ఉన్నాయన, బొమ్మ ముందు నిలబడి భోరున ఏడ్చాడు. ఆయన ఏడ్చాక ఇంకెవరూ ముక్కు సంగతి ఎత్తలేదు. ఆ బొమ్మే బడి గోడలకెక్కింది, బస్టాండు గోడకెక్కింది, తపాలా బిళ్ళ మీదికెక్కింది. మీసాలాయన కూడా అప్పటినుంచి మీసాన్ని బొమ్మలో ఉన్నట్టే కత్తిరించుకుంటూ వచ్చాడు. తెల్లబడ్డాక రంగు వేస్తున్నాడు. దళపతి ముసలివాడు కాలేదు మరి.

ఎముకలు దొరికిన మర్నాడు, అది దళపతి మనుషుల పనేనని ఊరంతా గుసగుసలాడుతుండగా, కండక్టరు గడ్డానికి వచ్చాడు. ఎప్పుడు వచ్చినా కుర్చీలో వెనక్కి వాలి, దళపతిగారూ మెడ మీద కాస్త దయ ఉంచండి అని కళ్ళు మూసుకునే మనిషి. ఆవేళ ఏమీ అనలేదు. మీసాలాయన తువ్వాలు కట్టి, నురగ పట్టించి, కత్తిని తోలు మీద రెండు వైపులా తిప్పి తిప్పి నూరాడు. ఎడమ బొటనవేలితో చెంప పైకి లాగి పట్టి కుడివైపు పూర్తి చేశాడు. నురగ తన ముంజేతికి తుడుచుకుని, గడ్డం కింద వేళ్ళు పెట్టి తల పైకెత్తాడు.

కండక్టరు కళ్ళు తెరిచి ఉన్నాయి. అద్దంలోకి చూస్తున్నాడు. తన తల, తన మెడ, మెడ పక్కన కత్తి, దాని పైన ఆ ముఖం. అతని చేతులు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి.

“ఆగన్నా,” అన్నాడు.

మీసాలాయన కత్తి తీశాడు. కండక్టరు లేచి తువ్వాలుతో రెండో చెంప మీది నురగ తుడుచుకున్నాడు. బస్సుకి టైమైంది అన్నాడు. వంతెన పోయాక ఆ దారిన బస్సులే లేవు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బల్ల మీద కూర్చుని తన వంతు కోసం చూస్తున్న వడ్రంగి కాసేపు గోళ్ళు చూసుకుని, మళ్ళీ వస్తానని అతనూ లేచాడు.

మీసాలాయన కత్తి కడిగి తుడిచి పెట్టాడు. అద్దంలో తన ముఖం చూసుకోవడం అతనికి రోజంతా ఉండే పనే. ఆవేళ మాత్రం అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఇంట్లో భార్య తడిసిన పరుపుల్ని ఎండకు తిప్పుతోంది. దూది గడ్డలు గడ్డలుగా అయింది. చేత్తో విడదీస్తూ, కండక్టరు భార్య కుళాయి దగ్గర అన్న మాటలు చెప్పింది. ఆ ముఖం పెట్టుకుని కత్తి ఎలా పడతాడమ్మా మీ ఆయన, అందట. అని, తను నవ్వుతున్నట్టు మూతి పెట్టిందట గాని నవ్వలేదట.

“ఆ మీసం తీసేయరాదూ,” అంది భార్య. “మళ్ళీ మొలిచేదే కదా.”

మీసాలాయన వేలితో మీసం కొస తడుముకున్నాడు. బావమరిది గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. అతని వేళ్ళకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది, ఈవేళ నలుపు.

“మీసం తీస్తే బావకి ఇక మిగిలేదేముంది అక్కా, నువ్వు తప్ప.”

“నేను మిగిలితే చాలదేంట్రా?”

“చాలకేం. మేం భరిస్తున్నాం కదా.”

ఆమె తడి దూది ముద్ద తీసి తమ్ముడి మీద విసిరింది. అతను నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బస్టాండు గోడ మీది బొమ్మకు ఎవరో రాత్రికి రాత్రి కళ్ళు చెక్కేశారని చెప్పాడు. మీసం ముట్టుకోలేదు, టోపీ ముట్టుకోలేదు, పేడ కొట్టలేదు. ఉలి పెట్టి రెండు కళ్ళూ ఇటుక కనబడేదాకా తీశారు. సంఘంవాళ్ళు కబురు పెడితే పొద్దున వెళ్ళి గుంటల్లో సున్నం కూరి, ఆరాక మళ్ళీ కళ్ళు వేసి వచ్చాడట. వేస్తుండగా వెనకనుంచి రాయి వచ్చి రంగు డబ్బాకు తగిలిందట.

“ఎవరు?”

“తిరిగి చూళ్ళేదు బావా. చూస్తే వాడెవడో తెలిసిపోతుంది కదా. తెలిస్తే నాకే కష్టం.” అతను వేళ్ళ మీది నలుపు చూసుకున్నాడు. “కళ్ళు మాత్రం నిన్ను కూర్చోబెట్టకుండానే వచ్చేశాయి. చెయ్యి దానంతట అదే వేసింది.”

పరుపు రెండో వైపు తిప్పుతూ భార్య, ఆ మనిషి అంత పాపాత్ముడైతే మనకీ ఇంటి జాగా ఎలా ఇచ్చాడంది. దళపతి మనుషులు తాడు పట్టుకుని కొలిచి గుంజ పాతిన జాగా అది. మీసాలాయన తల్లి చచ్చేదాకా ఆ గుంజను పీకనివ్వలేదు, గోడ లోపలే ఉంచి కట్టించింది. ఇచ్చినవాడు ఇంకొకడి చేతులు కట్టి ఉండకూడదని ఎక్కడుందక్కా, అన్నాడు బావమరిది. ఆమె పరుపు కొస పైకెత్తింది. మీసాలాయన లేచి పరుపు రెండో కొస పట్టుకున్నాడు.

మర్నాడు షాపుకి ఒక్కరూ రాలేదు. వీధిలో మనుషులు తిరుగుతూనే ఉన్నారు. షాపు ముందుకొచ్చేసరికి మాత్రం అవతలి వైపుకి దాటుతున్నారు, ఇక్కడేదో బురద మిగిలి ఉన్నట్టు. అతను నీళ్ళు కొట్టి మెట్లు కడిగాడు. కడిగిన మెట్లే మళ్ళీ కడిగాడు.

పొద్దు వాలేవేళకు కార్యదర్శి వచ్చాడు. బక్కపలచటి మనిషి, గొంతు కూడా అంతే సన్నం. వెనక ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిల్ ఆపి దాని మీదే కూర్చున్నారు. కార్యదర్శి చంకలో బట్టల పొట్లం ఉంది. విప్పితే కొత్త కోటు. బొమ్మలో దళపతి తొడుక్కున్నలాంటిదే, అదే మెడ, జేబులకు అవే మూతలు.

ఎల్లుండి వర్ధంతి సభ. ఎప్పుడూ బొమ్మకు దండ వేసి ఊరుకునేవాళ్ళు. ఈసారి మీసాలాయన ఈ కోటు తొడుక్కుని వేదిక మీద కూర్చోవాలట. మాట్లాడక్కర్లేదు. జనం చూస్తే చాలు. బట్టీ ఎముకలు ఎవరివో, ఎప్పటివో, ఎవడు కట్టాడో తేలకుండానే ఆయన్ని హంతకుణ్ణి చేస్తున్నారనీ, ఆ ముఖం కళ్ళెదురుగా కనబడితే నోళ్ళు వాటంతట అవే మూతపడతాయనీ కార్యదర్శి చెప్పుకుంటూ పోయాడు. చెబుతూ చెబుతూ ఆయన గొంతు మారింది. కొండ మీద చలిలో తనకు జ్వరం వస్తే దళపతి తన దుప్పటి కప్పి తను మంట దగ్గర కూర్చున్నాడట. ఆ చేతులు తీగ కడతాయా అన్నాడు.

“తొడిగి చూడు.”

మీసాలాయన తొడుక్కున్నాడు. భుజాలు కుదిరాయి. చేతులు మణికట్టు దగ్గర సరిగ్గా ఆగాయి. గుండీలు పెట్టుకుని అద్దం వైపు తిరిగితే, అతని వీపు దానంతట అదే నిటారైంది. బయట కుర్రాళ్ళు మోటారు సైకిల్ దిగి నిలబడ్డారు. ఒకడు సిగరెట్టు వెనక్కి దాచాడు. మీసాలాయనకు లోపల ఎక్కడో బాగుందనిపించింది. బాగుందనిపించినందుకు వెంటనే కోటు బరువెక్కింది.

ఇంట్లో అడిగి చెబుతానన్నాడు.

“ఇంట్లో అడిగేదేముంది?” అన్నాడు కార్యదర్శి నెమ్మదిగా. “ఇన్నాళ్ళూ ఈ వీధిలో నీ చేత టీకి డబ్బులెవరైనా ఇప్పించారా? ఆ మర్యాద ఎవరిదనుకున్నావు?”

కోటు మేకుకు తగిలించి వెళ్ళిపోయారు.

మేస్త్రి వచ్చింది ఆ మర్నాడు మధ్యాహ్నం. గోడలు కట్టే మనిషి. ఏటి అవతలివాడు. వాళ్ళ నాన్నను బట్టీ దగ్గరికి తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. అప్పటికి మేస్త్రి తల్లి ఒళ్ళో ఉన్నాడు. ఈ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ ఎవరూ పైకి అనలేదు, అంతే. ఎప్పుడూ అవతలి ఒడ్డునే గడ్డం గీయించుకునేవాడు ఈ మెట్లెక్కి వచ్చేసరికి మీసాలాయన చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. బల్ల మీద పేపరు చదవడానికి మాత్రమే వచ్చే ఒక ముసలాయన పేపరు కొంచెం పైకెత్తాడు.

“గడ్డం,” అన్నాడు మేస్త్రి. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

మీసాలాయన తువ్వాలు కట్టాడు. మేస్త్రి ముఖం ముడతల్లో సిమెంటు పట్టి ఉంది. తడి చేత్తో రుద్దితే బూడిదరంగు నీళ్ళు కారాయి. మళ్ళీ తడిపి మళ్ళీ తుడిచి, నురగ పట్టించాడు. ఆ గడ్డానికి బాగా నానాలి, బ్రష్షు చాలాసేపు తిప్పాడు. మేస్త్రి కళ్ళు మూయలేదు. అద్దంలో మీసాలాయననే చూస్తున్నాడు. మేకుకు వేలాడుతున్న కోటును కూడా ఒకసారి చూశాడు.

చెంపలు అయ్యాయి. మీసాలాయన తల పైకెత్తి మెడ మీద చర్మం బిగించి పట్టాడు. పై నుంచి కిందికి ఒక గీత. రెండోది. మూడో గీత దగ్గర గొంతు కదిలింది, మేస్త్రి ఉమ్మి మింగాడు. కత్తి దవడ కింద సన్నగా కోసింది. ఎర్రటి చుక్క నురగలోకి దిగి పాకింది.

మీసాలాయన పటిక తడిపి అక్కడ నొక్కి పట్టాడు.  మంట పుట్టి ఉండాలి. మేస్త్రి మాత్రం కదల్లేదు.

“తెగితే తెగనీ,” అన్నాడు. “పని కానీ.”

రెండోసారి నురగ పట్టించి ఎదురు గీస్తుండగా మేస్త్రి తనే మాట్లాడాడు. అద్దంలోని ముఖంతో మాట్లాడాడు.

“మా నాన్నని తీసుకెళ్ళినవాళ్ళు ముఖాలకి గుడ్డలు కట్టుకొచ్చారంట. అమ్మ ఎవర్నీ చూళ్ళేదు. నేను బడికెళ్ళే దార్లో గోడ మీద నీ బొమ్మ వేశారు. తిట్టుకోడానికి ఒక ముఖం ఉండాలి కదా. నీ ముఖాన్నే తిట్టుకున్నా.”

“అది నా ముఖమని నీకు తెలుసు కదా మేస్త్రీ.”

“తెలుసు. తెలిస్తే మాత్రం ఏం చేయను? ఇంకోటి లేదు.”

మీసాలాయన కత్తి మీది నురగ ముంజేతికి తుడిచాడు. పేపరు వెనక ముసలాయన పేజీ తిప్పడం మానేశాడు.

“రేపు ఆ కోటేసుకుని కూర్చోమన్నారంట.”

“అడిగారు.”

“కూర్చో.”

కత్తి గాలిలో ఆగింది.

“మేమొస్తాం,” అన్నాడు మేస్త్రి. “బట్టీలో పోయినవాళ్ళ తాలూకు మనుషులం. రాళ్ళు పట్టుకు రాం. ఎదురుగా నిలబడి అడుగుతాం. ఎందుకు కట్టారు, కట్టమన్నదెవరు, చివరికి మంచినీళ్ళన్నా ఇచ్చారా అని. నువ్వు జవాబు చెప్పక్కర్లేదు. నీకేం తెలుసు గనక. విను చాలు.”

“నన్నడిగితే ఏమొస్తుంది?”

“ఏమో. కార్యదర్శినడిగితే తల పక్కకి తిప్పేసుకున్నాడు. ఆఫీసుల్లో అడిగితే కాగితం పెట్టుకోమన్నారు. ఎవరో ఒకరు తల తిప్పకుండా వినాలి కదా. ఆ ముఖం వింటే మా అమ్మకి చాలంట.”

అతను లేచి ముఖం కడుక్కున్నాడు. తెగినచోట వేలు పెట్టి చూసుకుని, వేలిని చొక్కాకు తుడుచుకుని మెట్లు దిగాడు. పేపరు ముసలాయన వెంటనే లేచాడు. పేపరు మడత పెట్టకుండానే బల్ల మీద పడేసి, మేస్త్రి పోయిన వైపు కాకుండా సంఘంవాళ్ళుండే భవనం వైపు నడిచాడు.

దీపాలు పెట్టేవేళకు కార్యదర్శి మీసాలాయన ఇంటికే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కుర్రాళ్ళు ఈసారి మోటారు సైకిల్ దిగి ఆయనకు చెరో పక్కా నిలబడ్డారు. ఒకడి చేతిలో కోటు ఉంది. షాపుకి తాళం వేసే వచ్చానని మీసాలాయనకు బాగా గుర్తు. తాళం సంగతి అతను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

సభ వాయిదా పడిందట. ఎప్పుడో తర్వాత చెబుతారట. మీసాలాయన రావక్కర్లేదు.

“మాకు బొమ్మ చాలు,” అన్నాడు కార్యదర్శి. “మనిషి అక్కర్లేదు.”

తర్వాత సన్నగొంతుతోనే మిగతాది చెప్పాడు. రేపు పొద్దుటికి ఆ మీసం ఉండకూడదు. రెండు మూడు నెలలు కూతురింటికి వెళ్ళి ఉంటే ఇంకా మంచిది. షాపుని సంఘం చూసుకుంటుంది. కుర్రాళ్ళు వేడి మీదున్నారు, ఎవరేం చేస్తారో తన చేతిలో లేదు. చెప్పవలసింది చెప్పానని ఆయన తిరగబోయాడు.

“అయ్యా,” అన్నాడు మీసాలాయన. “ఆయన ముఖం మీకు గుర్తుందా?”

కార్యదర్శి ఆగాడు. చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. 

“వెతుక్కుంటాను,” అన్నాడు. “రాత్రిళ్ళు పడుకుని వెతుక్కుంటాను. నువ్వే వస్తావు.”

“ఆ తీగ...”

కార్యదర్శి తల పక్కకి తిప్పేసుకున్నాడు. అలా పక్కకి తిప్పుకునే మోటారు సైకిల్ దాకా నడిచాడు. కుర్రాళ్ళలో ఒకడు వెళ్తూ వెళ్తూ రెండు వేళ్ళు తన మూతి మీద పెట్టి, కత్తెరలా ఆడించి చూపించాడు.

మీసాలాయన లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. భార్య గిన్నెలు సర్దుతోంది. గిన్నె మీద గిన్నె గట్టిగానే పెడుతోంది. అన్నం పెట్టింది. మజ్జిగ పోసింది.

“నేను తీసేయమంటే నా మొగుడని అన్నాను,” అంది. “వాళ్ళెవరు చెప్పడానికి?”

అతను తలెత్తి చూశాడు.

“తీయకు,” అంది. మజ్జిగ చెంబును రెండు చేతులా పట్టుకుంది. “భయమే నాకు. అయినా తీయకు.”

తెల్లవారాక మీసాలాయన స్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. మీసానికి రంగు వేయలేదు. వెంట్రుకల మొదళ్ళలో తెలుపు కనబడుతోంది. షాపు తాళం విరిచి ఉంది. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల కోటు తగిలించిన మేకు ఖాళీగా ఉంది, ఇంకేదీ చెదరలేదు. అతను ఊడ్చి, నీళ్ళు చల్లి, తలుపులు రెండూ బార్లా తీశాడు. కుర్చీ మరలు కాస్త పట్టేసి ఉంటే గట్టిగా తోసి, అద్దం వైపు నుంచి వీధి వైపుకి తిప్పాడు. దాంట్లో తను కూర్చున్నాడు. గోడ మీది బొమ్మ ఎలా చూస్తుందో అలాగే ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు.

కండక్టరు అవతలి వైపునుంచి పోతూ చూసి, రెండడుగులు వేసి, ఆగాడు. వడ్రంగి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోలేదు.

సభ లేదని విన్నట్టున్నాడు, ఏటి వైపునుంచి మేస్త్రి నేరుగా షాపుకే వచ్చాడు. వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఇంకొందరు మగవాళ్ళు. పడవలో దాటినట్టుంది, పంచెలూ చీరలూ మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. అందరూ మెట్ల కింద ఆగారు. మేస్త్రి చెయ్యి పట్టుకుని అతని ముసలి తల్లి మాత్రం మెట్లెక్కి పైకి వచ్చింది. వచ్చేసరికి ఆయాసపడుతోంది.

మీసాలాయన లేచాడు. “కూర్చో అమ్మా,” అన్నాడు.

ఆమె కూర్చుంది. కుర్చీ పెద్దది, ఆమె కాళ్ళు నేలకు ఆనలేదు. అతను వచ్చి ఆమె ముందు, వీధికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తి అతని ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా చూసింది. మేస్త్రి ఏవో చెప్పి తీసుకొచ్చినట్టున్నాడు గాని, ఆమె అవేవీ అడగలేదు.

“కంచం ముందు నుంచి లేపి తీసుకెళ్ళారు,” అంది. “పోయేముందు ఆకలని అన్నాడా?”

వెనక వీధిలో మోటారు సైకిళ్ళు వచ్చి ఆగిన చప్పుడు వినబడింది. ఒకటి కాదు, చాలా. మెట్ల కింద ఎవరో ఎవరినో పక్కకి లాగారు. మీసాలాయన తిరిగి చూడలేదు. ఆమె కళ్ళకు ఎదురుగా ముఖం ఉండేలా ఇంకాస్త వంగి, ఆమె తర్వాతి మాట కోసం అలాగే నిలబడ్డాడు.